నూట ఎనభై రెండో అడుగు

దెయ్యాలున్నాయని చెప్పేవాళ్ళతో నేను చాలా ఏళ్ళుగా పోట్లాడుతున్నాను. నిడదవోలు నుంచి రాజమండ్రికి రోజూ పాసింజరు బండిలో వస్తాను. మా ఆడవాళ్ళ పెట్టెలో వారానికోసారైనా ఎవరో ఒకరు ఆ కబుర్లు మొదలుపెడతారు. నేను ఆసుపత్రిలో పనిచేస్తానని తెలిస్తే చాలు, అందరూ నా వైపు తిరుగుతారు. "మీకెప్పుడైనా కనపడ్డాయాండీ?" అని అడుగుతారు. "కనపడతాయండి, డ్యూటీకి పది నిమిషాలు లేటుగా వెళ్తే మా సూపర్‌వైజరు రూపంలో" అనేదాన్ని.

మా బ్లడ్ బ్యాంకుకి సరిగ్గా కింద మార్చురీ ఉంది. దాని గోడ పక్కన చల్లగా ఉంటుందని మధ్యాహ్నం అక్కడే క్యారేజీ విప్పుకుని తింటాను. అంత మొండి మనిషిని. ఇప్పుడు రాయబోయేది దెయ్యం కథ అని కూడా నేను అనను. ఏంటో నాకే తెలియదు. తెలియకుండా మూడేళ్ళు మోశాను కాబట్టి ఇక రాసి పెట్టేస్తున్నాను.

నా పేరు మంగతాయారు. బ్లడ్ బ్యాంకు నుంచి వార్డులకి రక్తం తీసుకెళ్ళి అప్పగించడం నా పని. ఉత్తరాలు పంచే పనిలాంటిదే కదా అని మా ఆడపడుచు అంటుంది. కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తం బ్యాగు అరగంటలోపు వెనక్కి రాకపోతే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టరు. ఎవరో సూది గుచ్చుకుని ఇచ్చిన రక్తం చెత్తలో పడుతుంది. బాక్సులో ఐస్ ప్యాకు పెడతాం, కానీ అది బ్యాగుకి నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ ఉండాలి. బాక్సు కుదపకూడదు. దారిలో కింద పెట్టకూడదు. ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. పేరు, నంబరు, గ్రూపు, బయలుదేరిన టైము ఇక్కడ రాయాలి, చేరిన టైము అక్కడ రాయించుకోవాలి.

ఈ పని నాకు నేర్పింది అచ్చియ్యమ్మ గారు, నాకంటే ముందు ఆ బాక్సు మోసిన మనిషి. "రక్తం చేతిలో ఉన్నప్పుడు నోరు కట్టేసుకోవాలమ్మాయ్. పలకరిస్తే ఆగుతావు, ఆగితే కూర్చుంటావు" అనేది. నేను స్వతహాగా వాగుడుకాయని. నోరు కట్టుకోవడం చేతకాక ఒక ఉపాయం కనిపెట్టాను. బ్లడ్ బ్యాంకు గడప దాటగానే మనసులో అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాను. పెదాలు కూడా కదలవు. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాను, అంతే. కాన్పుల వార్డుకి మూడు వందల నలభై అడుగులు, నాలుగు నిమిషాలు. ఈ లెక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు కదా.

ఇక్కడొక మాట. అచ్చియ్యమ్మ గారు నిక్షేపంలా ఉంది. కొవ్వూరులో మనవల్ని ఆడిస్తూ, చుట్టుపక్కల వాళ్ళని తిడుతూ కాలక్షేపం చేస్తోంది. కాబట్టి ఆవిడే ఆత్మగా వచ్చి నన్ను ఆపిందని దయచేసి ఎవరూ అనుకోవద్దు.

ఆ రోజు శ్రావణమాసంలో ఒక మామూలు రోజు. మధ్యాహ్నం మూడు దాటింది, బాగా ఎండగా ఉంది. కాన్పుల వార్డు నుంచి ఫోను వచ్చింది. దేవి అనే అమ్మాయికి పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఇప్పుడు రక్తస్రావం ఆగడం లేదు, వెంటనే రక్తం పంపమన్నారు. తొలి కాన్పు, ఇరవై మూడేళ్ళ పిల్ల.

మా టెక్నీషియన్ ప్రసాద్ గారు బ్యాగు తీసి, ఫారంతో సరిచూసి, గట్టిగా చదివారు. నేనూ చదివాను. దేవి పేరు, నంబరు, బి పాజిటివ్. అన్నీ కలిశాయి. బాక్సులో పెట్టి, మూతకున్న చిన్న మీటరు నొక్కారు. ఆ మీటరు లోపలి చల్లదనాన్ని నిమిషానికోసారి రాసుకుంటుంది. రిజిస్టరులో మూడూ పన్నెండు అని రాసి నేను సంతకం పెట్టాను. ప్రసాద్ గారు "పరిగెత్తకండి, అలాగని నడవకండి" అన్నారు. ఆయన ఎప్పుడూ అనే మాటే అది.

మా ఆసుపత్రికి పాత బిల్డింగు, కొత్త బిల్డింగు ఉన్నాయి. రెండింటినీ మొదటి అంతస్తులో ఒక పొడుగాటి నడవ కలుపుతుంది. ఆ నడవకి ఆ చివర ఒక తలుపు, ఈ చివర ఒక తలుపు, అంతే. మధ్యలో గది లేదు, మెట్లు లేవు, బల్ల కూడా లేదు. కిటికీలకి ఇనప చువ్వలు. మధ్యలో గోడకి ఎర్రటి నిప్పార్పే సిలిండరు ఒకటి వేలాడుతుంది. కింద స్కూటర్ల స్టాండు. రెండు చివర్లా కెమెరాలు ఉన్నాయి కానీ, అవి తలుపుల మీదే ఉంటాయి. నడవ లోపలి భాగం కనపడదు.

నేను నడవలోకి వెళ్ళాను. ఎండ చువ్వల మధ్యనుంచి నేల మీద పడుతోంది. ఎదురుగా ఎవరూ రాలేదు. ఏ వాసనా లేదు, చలి లేదు, కళ్ళు తిరగలేదు. ఇవన్నీ తరవాత డాక్టర్లు అడిగారు కాబట్టి చెబుతున్నాను. లెక్కపెట్టుకుంటూ నడిచాను, అవతలి తలుపు తోశాను. వార్డు గడప దగ్గర నా లెక్క మూడు వందల నలభై. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

లోపల అంతా గొడవగా ఉంది. ఎస్తేరు సిస్టరు నన్ను చూసి నోరు తెరిచి నిలబడిపోయింది. ఆవిడ ఆ వార్డులో సీనియరు, నాకంటే రెండేళ్ళు పెద్ద, నన్ను 'మంగా' అని పిలిచే చనువున్న మనిషి. వచ్చి బాక్సు లాక్కున్నంత పని చేసింది.

"ఇది ఎక్కించకూడదు! ఇప్పటిదాకా ఎక్కడున్నావు మంగా?"

"ఎక్కడుంటానండీ, ఇప్పుడేగా బయలుదేరాను" అన్నాను.

వెనక నుంచి డాక్టరమ్మ గారు "అరగంట నుంచి చస్తున్నాం ఇక్కడ!" అని అరిచారు. నేను గోడ గడియారం వైపు చూశాను. మూడూ నలభై మూడు. పాడైపోయిందేమో అనుకున్నాను. సిస్టరు చేతి గడియారమూ అదే చూపిస్తోంది. ఆవిడ మీటరు ఆపి రిజిస్టరులో అదే టైము రాసింది.

అక్కడ జరిగింది నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. ముందు రోజు సాయంత్రం దేవిని వాళ్ళ పుట్టింటివాళ్ళు వార్డులో చేర్పించారు. ఆ పిల్లకిచ్చింది నాలుగో నంబరు మంచం. ఆ వరసలో మంచాలన్నీ తల ఉత్తరం వైపు వచ్చేలా ఉంటాయి. నిండు గర్భిణి ఉత్తరం వైపు తలపెట్టి పడుకోవడమేంటని వాళ్ళమ్మ ఊరుకోలేదు. ఎదురు వరసలో తొమ్మిదో మంచం మీదున్న ఆవిడని బతిమాలింది. ఆవిడ "నాకు అలాంటి పట్టింపుల్లేవండి, రండి" అని లేచి ఇటు వచ్చింది. రాత్రి డ్యూటీ నర్సు చూసింది, పొద్దున మార్చి రాద్దాంలే అనుకుంది, మర్చిపోయింది.

పొద్దున్నే శాంపిల్ తీయడానికి వచ్చిన కుర్రాడు జాబితాలో మంచం నంబరు ప్రకారం చీటీలు ముందే అంటించుకుని వచ్చాడు. నాలుగో మంచం అంటే దేవి. పేరు అడగలేదు. చెయ్యి చాపమన్నాడు, తీసుకుపోయాడు. అలా దేవి పేరున్న గొట్టంలోకి ఇంకొకావిడ రక్తం వెళ్ళింది. ఆవిడది బి పాజిటివ్. దేవిది ఓ పాజిటివ్. ఇక మేము ఎన్నిసార్లు చదివినా, ఎంతమంది సరిచూసినా పేర్లు కలుస్తూనే ఉంటాయి. తప్పు కాగితంలో లేదు కదా.

ఓ గ్రూపు మనిషికి బి గ్రూపు రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో మా దగ్గర గేటు కాపలా మనిషికి కూడా తెలుసు. అంతకుముందే రక్తం పోయి నీరసించిన పిల్ల, తట్టుకునేది కాదు.

ఆ తప్పు ఎలా బయటపడిందంటే, దేవి మొగుడు భీమవరం అవతల చేపల చెరువుల మీద ఉంటాడు. కాన్పు కబురు విని, ఇంటికి వెళ్ళి, దేవి అక్కడ మర్చిపోయిన పాత రక్తపరీక్షల పుస్తకం తీసుకుని బయలుదేరాడు. బురద కాళ్ళతో మూడున్నరకి వార్డులోకి వచ్చాడు. ఎస్తేరు సిస్టరు ఆ పుస్తకం తెరిచి గ్రూపు చూసింది. ఫారం చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. బ్లడ్ బ్యాంకుకి ఫోను చేసి గట్టిగా అరిచింది. ప్రసాద్ గారు ఓ పాజిటివ్ రక్తం సిద్ధం చేసి, తానే పట్టుకుని వెనక మెట్ల మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చారు. పరిగెత్తకండి అని చెప్పే ఆయనే.

మామూలుగా అయితే నేను మూడూ పదహారుకి వార్డులో ఉండాలి. మూడూ ఇరవైకల్లా ఆ బి రక్తం దేవి నరంలోకి వెళ్ళిపోవాలి. మొగుడు వచ్చేసరికి అంతా అయిపోయి ఉండాలి.

దేవి బతికింది. ఆ సాయంత్రానికి రక్తస్రావం ఆగింది. రెండో బ్యాగు నేను తెస్తానంటే నన్ను తేనివ్వలేదు. ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ అవమానం నాకు ఇప్పటికీ మండుతుంది.

సాయంత్రం డ్యూటీ దిగి, చేతి గడియారం చూసుకుని, బండికి చాలా టైముందిలే అనుకుంటూ స్టేషనుకి వెళ్ళాను. నా బండి వెళ్ళిపోయింది. అప్పుడు చూసుకున్నాను. నా గడియారం స్టేషను గడియారం కంటే ఇరవై ఏడు నిమిషాలు వెనక ఉంది. పొద్దున అదే గడియారం చూసుకుని సరిగ్గా బండి అందుకున్నాను. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఏడుపొచ్చింది. భయం వల్ల కాదు, ఏమీ అర్థం కాక.

మర్నాడు విచారణ. నన్ను, ప్రసాద్ గారిని, ఎస్తేరు సిస్టరుని మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. నేను మొదటి నుంచి ఒకటే మాట చెప్పాను, ఎక్కడా ఆగలేదని.

కెమెరాలు వేసి చూశారు. పాత బిల్డింగు వైపు తలుపులోంచి నేను బాక్సుతో నడవలోకి వెళ్ళడం కనపడింది, మూడూ పద్నాలుగు. కొత్త బిల్డింగు వైపు తలుపులోంచి నేను బయటికి రావడం కనపడింది, మూడూ నలభై రెండు. మధ్యలో మూడూ ఇరవై అయిదుకి ఎస్తేరు సిస్టరు నన్ను వెతుక్కుంటూ అటు నుంచి నడవలోకి వెళ్ళి, ఇటు నుంచి బయటికొచ్చి, మళ్ళీ అదే దారిన వెనక్కి వెళ్ళింది. అంటే నేను లోపలున్నాననే సమయంలో ఆవిడ ఆ నడవని రెండుసార్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది.

"నడవలో ఈవిడ కనపడిందాండీ?" అని మేనేజరు అడిగారు.

"ఎవరూ కనపడలేదు సార్" అంది సిస్టరు. తల వంచుకునే ఉంది.

ఇక బాక్సు మీద మీటరు. దాన్ని తెచ్చి కంప్యూటరుకి పెట్టారు. మొదలు మూడూ పన్నెండు. ఆఖరు మూడూ పదహారు. నిమిషానికొకటి చొప్పున అయిదు లెక్కలు, అన్నీ నాలుగు డిగ్రీలు. అయిదే. ముప్ఫై ఒక్క నిమిషాలకి ముప్ఫై రెండు ఉండాలి. ఐస్ ప్యాకు కూడా రాయిలా గట్టిగానే ఉందని ప్రసాద్ గారు చెప్పారు. మిషన్లు చూసే ఆయన బ్యాటరీ పోయి ఉంటుందన్నారు. కొత్త బ్యాటరీ పెట్టాలని విప్పితే పాతది బాగానే ఉంది. మళ్ళీ అదే పెట్టి మూసేశారు.

ప్రసాద్ గారికి ఇంకో చిక్కు వచ్చింది. విచారణ తేలేదాకా వేరే ఫ్రిజ్‌లో పక్కన పెట్టిన ఆ బి బ్యాగుని ఏం చేయాలి? గోడ గడియారం ప్రకారం అరగంట దాటింది, పారేయాలి. మీటరు ప్రకారం నాలుగు నిమిషాలే, మళ్ళీ వాడుకోవచ్చు. ఆయన రెండు లెక్కలూ మళ్ళీ చూసుకుని, చివరికి పారేశారు. నాకు అది కూడా బాధే. ఎవరి రక్తమో.

కెమెరా ఎక్కడో తప్పిందని, నేను ఎటో దిగి టీ తాగొచ్చానని తేల్చారు. 'అటెండరు మార్గమధ్యంలో ఆలస్యం చేశారు' అని మెమో ఇచ్చారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను, కానీ కింద 'నేను ఎక్కడా ఆగలేదు' అని నా చేత్తో రాసే పెట్టాను. బాక్సు తీసేసుకుని నన్ను దుప్పట్లు, గలీబులు లెక్కచూసే గదిలో వేశారు. పదకొండేళ్ళలో ఒక్క బ్యాగు పాడు చేయని మనిషిని, దుప్పట్ల గదికి పోయాను.

అంతకంటే ఇబ్బంది ఇంకోటి. డిశ్చార్జి రోజున దేవి వాళ్ళమ్మ వెతుక్కుంటూ వచ్చి నా కాళ్ళ మీద పడింది. "నా చేతులారా నేనే పిల్లని చంపుకునేదాన్నమ్మా, మీరు లేటుగా వచ్చి కాపాడారు" అని ఒకటే ఏడుపు. నేను వెనక్కి జరిగాను. లేటుగా వచ్చినందుకు దండం పెట్టించుకునే పని నేనెప్పుడైనా చేశానా? ఒకరేమో టీ తాగానంటారు, ఇంకొకరేమో దేవతనంటారు. నాలుగు నిమిషాల్లో వచ్చానని ఒక్కరూ అనరు. ఆవిడని లేపి కూర్చోబెట్టి, "నాకేం తెలియదండి, మీ అదృష్టం" అన్నాను. బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మగపిల్లాడు, గుప్పిట మూసుకుని నిద్రపోతున్నాడు. కోపమంతా ఎటు పోయిందో, నేను కూడా ఏడ్చాను.

ఆలోచించాను, ఆలోచించకుండా ఎలా ఉంటాను? నడుస్తూనే స్పృహ తప్పిందేమో అనుకున్నాను. తల స్కానింగ్ తీశారు, ఏమీ లేదు. స్పృహ తప్పి నిలబడిపోయానే అనుకుందాం. మరి సిస్టరుకి ఎందుకు కనపడలేదు? మీటరుకి కూడా స్పృహ తప్పిందా? నా గడియారానికి? మా ఆయన "పోనీలే, ఒక ప్రాణం నిలబడింది, తవ్వడం ఎందుకు" అంటాడు. ఆయనకేం, ఇరవై ఏడు నిమిషాలు పోగొట్టుకున్నది ఆయన కాదు.

దాదాపు ఏడాది తరవాత ఎస్తేరు సిస్టరు ఉద్యోగం మానేసి నరసాపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆఖరి రోజున దుప్పట్ల గదికి వచ్చింది. వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చిందనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి కూర్చుంది.

"మంగా, ఆ రోజు విచారణలో నేనొక మాట దాచాను. అడిగింది కనపడ్డావా అని. కనపడలేదన్నాను, అది నిజమే."

"మరి?"

"వినపడ్డావు."

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పింది. నన్ను వెతుక్కుంటూ నడవలో వస్తోందట. ఖాళీగా ఉంది. మధ్యలో సిలిండరు దగ్గరికి వచ్చేసరికి పక్కనే, చెవికి దగ్గరగా, నా గొంతు మెల్లగా, "నూట ఎనభై రెండు" అందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ప్రార్థన చేసుకుంటూ ఆ చివర దాకా వెళ్ళి, వెనక్కి వస్తుంటే మళ్ళీ అక్కడే, మళ్ళీ అదే అంకె.

"నూట ఎనభై రెండు ఏంటి మంగా? నీకేమైనా తెలుసా?"

నేను లెక్కపెడతానని అప్పటికి ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అదీ మనసులో. ఆవిడకి చెప్పాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. "ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ? నా పరువు పోయింది కదా!" అన్నాను. "చెబితే ఇద్దరికీ పిచ్చంటారు. అప్పటికింకా ఏడాది కూతురి చదువుంది, ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. నన్ను క్షమించు" అంది. ఏం చేయను, క్షమించాను. ఆవిడ వెళ్ళాక లేచి బ్లడ్ బ్యాంకు గడప దగ్గరికి వెళ్ళాను. అక్కడి నుంచి ఖాళీ చేతులతో, ఎప్పటిలాగే లెక్కపెట్టుకుంటూ నడిచాను. నూట ఎనభై రెండో అడుగు సరిగ్గా ఆ ఎర్ర సిలిండరు ముందు పడింది.

ఇప్పుడు శాంపిలు రెండుసార్లు, ఇద్దరు వేరువేరు మనుషులు తీస్తున్నారు. పేరు రోగి నోటితోనే చెప్పించుకుంటున్నారు. కాన్పుల వార్డులో మంచాలన్నీ తూర్పు తలకి తిప్పేశారు. బాక్సు మోయడానికి పెట్టిన కొత్తవాళ్ళు ఎవరూ కుదురుగా నిలవకపోవడంతో కిందటి ఏడాది ఆ పని మళ్ళీ నాకే ఇచ్చారు. మెమో మాత్రం నా ఫైలులో అలాగే ఉంది, దాని కింద నా రాత కూడా.

ఆ ఇరవై ఏడు నిమిషాలు నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. ఎవరైనా ఆపారా, ఆపితే ఎందుకు నన్నే ఆపారు, ఆ పిల్లలాంటి వాళ్ళు ఇంకెంతమందో పోతుంటే వాళ్ళకి ఎందుకు ఆపరు, ఇవేవీ తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. రైల్లో అడిగితే ఆ సూపర్‌వైజరు జోకే వేస్తాను.

రోజుకి నాలుగైదుసార్లు ఆ నడవలో నడుస్తాను. ఇప్పటికీ మనసులోనే లెక్కపెట్టుకుంటాను. ఆ సిలిండరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అచ్చియ్యమ్మ గారు చెప్పింది పక్కనపెట్టి, నూట ఎనభై రెండు అని పైకే అంటున్నాను. నన్ను వెతుక్కుంటూ ఎవరైనా వస్తుంటే వాళ్ళకి వినపడాలి కదా.